పక్కన నిలబడే మనిషి

మా వార్డులో కొత్త నర్సు చేరితే మొదటి రోజే ఆమెకొక సీనియర్‌ను చూపిస్తారు. నేను పనిచేసే ఇంగ్లండులో దీన్ని ప్రిసెప్టర్‌షిప్ అంటారు. 2022లో ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ దీనికి ఒక జాతీయ పద్ధతి రాసిపెట్టింది. మా దగ్గర మొదటి రెండు వారాలు ఆ పిల్లను డ్యూటీ లెక్కలో వేసుకోరు. ఆ తర్వాత కూడా సీనియర్‌తో కూర్చుని మాట్లాడుకోవడానికి రోస్టర్‌లోనే గంటలు రాస్తారు. ఇప్పుడు నాకూ ఒక అమ్మాయిని అప్పగించారు.

మొన్నామధ్య రాత్రి డ్యూటీలో ఆమె ఒక పెద్దాయన చార్టు పట్టుకుని నిలబడిపోయింది. నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్ వగైరా కలిపి ఇక్కడ ఒక స్కోరు వేస్తాం. అది 5కి చేరితే డాక్టరును వెంటనే పిలవాలి. ఆయనకు వచ్చింది 4. కానీ సాయంత్రం దాకా కబుర్లు చెప్పిన మనిషి ఇప్పుడు దుప్పటి లాక్కుంటూ ముభావంగా ఉన్నాడు.

"నీకేమనిపిస్తోంది?" అన్నాను.

"మనిషి బాగాలేడు."

"అదే డాక్టరుకు చెప్పు."

ఫోన్ తనే చేసింది. నేను పక్కన నిలబడ్డాను, అంతే. మనసుకు తట్టిన అనుమానాన్ని పైకి చెప్పే ధైర్యం ఇలాంటి రాత్రుల్లోనే వస్తుంది, అదీ ఎవరైనా తోడుంటే.

తెలంగాణలోని అమ్రాబాద్‌లో నా మేనకోడలికి అలా ఎవరినీ చూపించలేదు. బీఎస్సీ నర్సింగ్ చేసి మా వైపే ఒక పల్లె దవాఖానలో చేరింది. చుట్టూ 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన పులుల అభయారణ్యం. లోపల చెంచుల గూడేలు, వాటిని పెంటలంటారు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా దొరకదు. చేరిన కొత్తలో ఫోన్ చేసింది.

"అత్తా, బీపీ చూసుడు వస్తది, మందులు తెలుసు. అచ్చంపేట దవాఖానకు పొమ్మంటె పోతలేరు. ఎట్ల చెప్పాలె?"

ఆమె చెప్పేది ఒక ఎనిమిదో నెల గర్భిణి గురించి. బీపీ 150/100, కాళ్ల వాపు. ఇంత దూరం నుంచి నేనేం చెప్పినా పుస్తకంలో ఉన్నదే చెప్తాను.

దారి చూపింది అక్కడి ఏఎన్‌ఎం అక్క. హోదాలో మా పిల్లకంటే చిన్న. వెంటబెట్టుకుని పెంటకు తీసుకుపోయింది. ముందు ఆ గర్భిణి అత్తతో మాట్లాడింది. ఇంటి దగ్గర చిన్నపిల్లలను ఎవరు చూసుకుంటారో, దవాఖానలో తోడు ఎవరుంటారో తేల్చింది. అవన్నీ అయ్యాకే బీపీ సంగతి ఎత్తింది. ఆ పూటే బయల్దేరారు.

కాబట్టి నేర్పగల మనిషి అమ్రాబాద్‌లో ఉంది. ఆమె నేర్పడాన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు, నా బాధంతా అదే. టీకాలు, రిజిస్టర్లు, సర్వేల మధ్య వీలు దొరికిన పూట నేర్పుతుంది. బదిలీ అయితే ఆ పూటా ఉండదు. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు ఏడాది పాటు సీనియర్ల కళ్లముందు హౌస్‌సర్జన్సీ ఉంది. అడవి అంచున ఒంటరిగా పనిచేయబోయే నర్సుకు మొదటి ఏడాది అలాంటి అండ వద్దా? మొదటి నెల ఏఎన్‌ఎంతో పెంటలు తిరగడాన్నే డ్యూటీగా రాయాలి. నెలకొక రోజు పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో ఉంచాలి. రాత్రిపూట ఫోన్ ఎత్తే సీనియర్ నంబరు ఒకటి చేతికివ్వాలి. నేర్పిన గంటలకు ఆ అక్కకు భత్యం కట్టాలి.

పక్క ఊరి దవాఖానకు కొత్తగా ఒకమ్మాయి వచ్చిందట. ఆమెను పెంటలకు తీసుకుపోతానంటోంది మా మేనకోడలు, సెలవు పెట్టుకుని. సెలవు పెట్టొద్దు బిడ్డా, ఆ రోజును డ్యూటీగా రాయమని మీ మెడికల్ ఆఫీసరుకు కాగితం పెట్టు అన్నాను.