సోలన్ పలకలు – మా తాతగారి కలం

చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు వల్లించడమేనని విద్యార్థి దశలో నేనూ అనుకునేవాణ్ణి. అది ఒక్కొక్కప్పుడు మన ఇంటి గడపలోనికే వచ్చి నిలబడుతుందని ఈ బోధన్‌లో ఉద్యోగం చేస్తూ తెలుసుకున్నాను.

ఒకనాడు చరిత్ర అధ్యాపకులు సెలవులో ఉండగా, తెలుగు చెప్పే నేను వారి తరగతికి వెళ్ళవలసి వచ్చింది. పాఠం ప్రాచీన గ్రీసు సమాజం. సుమారు ఆ కాలానికి చెందిన అశ్మక జనపదపు రాజధాని పోదన నగరం మన బోధనేనని పలువురు చరిత్రకారుల అభిప్రాయమని చెప్పి, పాఠం ప్రారంభించాను.

ఏథెన్సులో క్రీ.పూ. 594లో సోలన్ అనే శాసనకర్త పౌరులను రాబడినిబట్టి నాలుగు తరగతులుగా విభజించాడు. ఏటా 500 కొలతల పంట గలవారు మొదటి తరగతి. 300 కొలతలవారు గుర్రాన్ని పోషించగల రౌతులు. 200 కొలతలవారు కాడి ఎద్దులు గల రైతులు. అంతకు తక్కువైనవారు కూలీలు. పదవులు పైవారివి, కూలీలకు సభలోను, న్యాయస్థానంలోను మాత్రమే చోటు. ఈ మెట్లకు వెలుపల పరదేశ నివాసులు, అందరికీ అడుగున బానిసలు. స్త్రీలకు రాజకీయ హక్కులే లేవు.

“సోలన్‌కు ముందు అప్పు తీర్చలేని రైతు బానిస అయ్యేవాడు. మనిషి దేహాన్ని తాకట్టు పెట్టుకొని అప్పు ఇవ్వరాదని సోలన్ శాసించాడు” అంటూ ఉండగా వెనుక బెంచీలోని విద్యార్థి లేచాడు.

“సార్, మా తాతవాళ్ళ నాయన గూడ గిట్లనే అప్పుకింద దొర దగ్గర భగేలా ఉండెనంట.”

నాకు వెంటనే మాట రాలేదు. మా తాతగారు ఒక దొరవద్ద మున్షీ. అట్టి కాగితాలు వ్రాసినవారిలో ఆయన ఒకరు.

నిజాం రాష్ట్రంలో భగేలా అంటే అప్పు తీరేవరకు దొర పొలంలో చాకిరికి కట్టుబడిన జీతగాడు. ఎంత పనిచేసినా అప్పు తరిగేది కాదు. తండ్రి అప్పు కొడుకు భుజాలకెక్కేది. 1936లో ప్రభుత్వం ఈ ఒప్పందాలను అదుపుచేయడానికి చట్టం తెచ్చినా ఆచారం ఆగలేదు. ముసలితనంలో తాతగారు ఒకసారి నాతో అన్నారు: “నేను ఉర్దూలో వ్రాసేవాణ్ణి, అతడు నిషానీ వేసేవాడు. ఏం వ్రాశావని అతడు అడగలేదు, నేను చెప్పలేదు.” మాదీ పేద ఇల్లే. అయినా కలం మా వైపు ఉండేది.

ఈ సంగతి దాచకుండా తరగతిలో చెప్పాను. సోలన్ తన శాసనాలను చెక్కపలకలపై వ్రాయించి అందరికీ కనిపించేటట్లు నిలిపాడు. దొర కాగితం పెట్టెలో ఉండేది. సోలన్‌నూ మితిమీరి పొగడనక్కరలేదు. కొనితెచ్చిన పరదేశీయులు ఏథెన్సులో బానిసలుగానే మిగిలారు. మన దేశంలో 1976 నాటి చట్టం వెట్టిచాకిరిని, దానికి మూలమైన అప్పులనూ రద్దు చేసింది. అయితే చట్టం ఉన్నదని తెలియనివానికి అదీ పెట్టెలోని కాగితమే.

గంట కొట్టాక ఆ విద్యార్థి నా వెంట వరండాలోకి వచ్చాడు. కోపగించుకుంటాడేమో అనుకున్నాను. “సార్, మా ఇంట్ల పాత కాగితాలు రెండు ఉన్నయి. ఉర్దూల ఉన్నయి. నాకు చదువుడు నేర్పుతరా?” అన్నాడు.

చదివి చెబుతానని అనలేదు. ఆ సాయంత్రమే అతనికి అలిఫ్, బే మొదలుపెట్టాను.

విద్యార్థులారా, రెండు లిపులు ఒకే అట్టలో వెలువడే పత్రిక ఇది. మీకు రాని లిపిని పక్కనున్న మిత్రుని అడిగి నేర్చుకోండి. మా తాతగారు ఆనాడు చెప్పని మాటను అప్పుడు మీరే చదువుకోగలరు.