అమ్మే రోజు కొన్న రోజే రాసుకున్నాను

నేను ఎనిమిదో తరగతి మ్యాథ్స్ టీచర్‌ని. ఈమధ్య పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అయిపోగానే మాట షేర్ల మీదికి వెళ్తోంది. "రెండో టర్మ్ ఫీజు షేర్లు అమ్మి కట్టేస్తాం మేడమ్" అని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. అందుకే ఈసారి లెక్కల పాఠం మీకు.

నా దగ్గరా ఒక చిన్న కంపెనీ షేర్లున్నాయి. 42 రూపాయల చొప్పున 500 కొన్నాను, మొత్తం 21,000. పేరు అడగకండి, చెప్పను. కంపెనీకి ఇంకా లాభాల్లేవు, ఏదో పెద్ద ఆర్డర్ వస్తుందన్న ఆశ మీదే ధర నడుస్తోంది. అందుకని కొన్న రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నాను: రెట్టింపైతే సగం అమ్మాలి, 32కి దిగితే మొత్తం అమ్మాలి. ఏదీ జరక్కపోయినా ఏప్రిల్ నెలాఖరుకి బయటికి వచ్చేయాలి, జూన్‌లో తమ్ముడి బీటెక్ ఫీజు ఉంది.

పోయిన నెల 84కి చేరింది. 250 అమ్మేశాను, పెట్టిన డబ్బు చేతికొచ్చింది. వారం తిరక్కుండా అదే షేరు 97. స్టాఫ్‌రూమ్‌లో అందరూ అయ్యో అన్నారు. నాకేం బాధ లేదు.

ఎందుకంటే ఇలాంటి షేరు మనకు కావలసిన రోజున అమ్ముడుపోతుందని నమ్మకం లేదు. చాలా చిన్న షేర్లకు ఎక్స్ఛేంజ్ రోజుకి 5 శాతం హద్దు పెడుతుంది. ధర ఆ కింది హద్దు తాకితే అమ్మేవాళ్ళే క్యూలో ఉంటారు, కొనేవాళ్ళుండరు. స్టాప్‌లాస్ పెట్టినా ఆ క్యూలోనే నిలబడుతుంది. మీ పిల్లలు చేసే చక్రవడ్డీ లెక్కే, తలకిందులుగా: వరసగా 10 రోజులు 5 శాతం చొప్పున పడితే 100 రూపాయల షేరు దాదాపు 60కి వస్తుంది. ఈలోగా మీ వంతు ఒక్కరోజు కూడా రాకపోవచ్చు. మన సత్యం కంప్యూటర్స్ షేరు 2009 జనవరి 7న ఒక్కరోజులో 179 దగ్గర్నుంచి 40కి పడింది. అంత పెద్ద కంపెనీ కాబట్టి ఆ రోజూ కొనేవాళ్ళు దొరికారు.

ఫీజు గడువు 10వ తేదీ అయితే 9న అమ్మితే కుదరదు. డబ్బు సెటిల్ కావడానికి ఒక పనిదినం, బ్యాంకులోకి రావడానికి దాదాపు ఇంకొకటి పడుతుంది. ఏడాదిలోపు అమ్మితే లాభంలో 20 శాతం పన్ను కూడా తీసి లెక్కేసుకోండి.

నా మిగతా 250 ఇప్పుడు 91 దగ్గరున్నాయి. నోట్‌బుక్‌లో 32 కొట్టేసి 70 రాశాను. ఏప్రిల్ దాకా ఎందుకక్కా, ఇప్పుడే అమ్మేయమని తమ్ముడు రోజూ ఫోన్ చేస్తున్నాడు.