మదిరాన్‌లో మదిర

"రెడ్ వైన్ గుండెకి మంచిదట గదా డాక్టరుగారూ, రాత్రి భోజనంతో ఓ గ్లాసు పుచ్చుకోవచ్చునా?" అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. మా బావమరిది అయితే అడగనైనా అడక్కుండా నాలుగు నెలలపాటు పుచ్చుకున్నాడు. ఆయనకి బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు నాతో ఆ వైన్ పుట్టిన ఊరికి రండి.

మా అబ్బాయి ఉద్యోగం ఫ్రాన్సులో, తూలూజ్ నగరంలో. కిందటి చలికాలం సెలవు పెట్టి వెళ్ళాను. అక్కణ్ణించి పడమరగా కారులో సుమారు రెండు గంటలు పోతే మదిరాన్ అనే పల్లె వస్తుంది. ఖమ్మం జిల్లా మధిర కాదు సుమా! మన మదిరతో పేరు కలవడం కూడా కాకతాళీయమే. జనాభా అయిదు వందలైనా ఉండదు. ఆకు రాలిన ద్రాక్షతోటలు మోళ్ళలాగా వాలు మీద బారులు తీరి ఉన్నాయి. మబ్బు విడితే దక్షిణాన పిరనీస్ కొండల మంచు కనిపిస్తుంది.

ఇక్కడి ద్రాక్ష పేరు తన్నా. దాని గుణం ఒక్క మాటలో చెప్పాలంటే వగరు. ఒక రైతు ఇంట్లో రెండు చెంచాలు రుచి చూశాను (చూడకుండా మీకు రాయడం బాగుండదు గదా). పచ్చి అరటికాయ కొరికినట్టు నోరు పిడచకట్టుకుపోయింది. ఆ ఇల్లాలు నవ్వి, బాతుకాలి కన్‌ఫీ వడ్డించింది. కాలిని ఉప్పులో ఊరవేసి, బాతుకొవ్వులోనే సన్నసెగ మీద గంటల తరబడి ఉడికించి, ఆ కొవ్వులోనే ముంచి నిలవ చేస్తారు. మనం ఆవకాయ మీద నూనె తేలేలా పోసినట్టే. అది తిన్నాక మళ్ళీ ఒక గుక్క తాగితే ఆ వగరు ఏమైపోయిందో తెలియలేదు!

ఇందులో మాయ లేదు. వగరునిచ్చే టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టి లాగేస్తాయి. అందుకే నోరు ఎండుతుంది. మాంసమూ కొవ్వూ తోడైతే ఆ పట్టు సడలుతుంది. అందుకే అక్కడివాళ్ళు ఈ వైన్‌ని బాతు మాంసంతోనూ, తెల్లచిక్కుడు గింజలూ మాంసమూ కలిపి వండే కాసూలేతోనూ, గొర్రెపాల జున్నుతోనూ పుచ్చుకుంటారు. చేపలతో పొసగదు. మా అబ్బాయి ఆవకాయన్నంతో ప్రయత్నించాడట. కారం మంటని ఆల్కహాలు రెట్టింపు చేసిందన్నాడు. అన్నట్టు, టీలోనూ టానిన్లు ఉంటాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు భోజనం కాగానే టీ తాగితే, తిన్న ఆకుకూరలోని ఇనుము సరిగా వంటబట్టదు. గంటైనా ఆగండి.

మరి గుండె సంగతి? వెన్నా కొవ్వూ తినే ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువనీ, వైన్ కారణం కావచ్చుననీ 1992లో సెర్జ్ రెనో రాశారు. 2006లో రోజర్ కార్డర్ బృందం ఈ ప్రాంతపు వైన్లలో రక్తనాళాలకు మేలుచేసే ప్రోసయనిడిన్లు ఎక్కువన్నది. కాని అది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద తేలిన మాట. ఇక "తాగనివారి" లెక్కలో జబ్బుచేసి మానేసినవారూ కలిసిపోతారు. అందుచేత తాగేవారే ఆరోగ్యంగా కనపడతారు. ఆల్కహాలు కాన్సర్ కారకమని 1988లోనే తేల్చారు. నిరపాయకరమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. నూట పాతిక మిల్లీలీటర్ల మదిరాన్ గ్లాసులో సుమారు 14 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది.

ఇక మా బావమరిది. ఒకనాడు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడింది. రాత్రి వైన్ తాగాడు గదా, మత్తు దిగలేదని ఇంట్లోవాళ్ళు పడుకోబెట్టారు. మా అక్కకి అనుమానం వచ్చి నాకు ఫోన్ చేసింది. షుగరు చూస్తే 48! ఆల్కహాలు లివరు చేత గ్లూకోజు తయారు కానివ్వదు. పైగా ఆయన వేసుకునేది షుగరు దించే మాత్ర, రాత్రి తిన్నది రెండు పుల్కాలు. మింగగలిగే స్థితిలో ఉన్నాడు గనక పంచదార నీళ్ళతో తేరుకున్నాడు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

లేని అలవాటు గుండె పేరు చెప్పి మొదలుపెట్టవద్దు. ఉన్నవారు షుగరు మాత్రలు, ఇన్సులిన్, నిద్రమాత్రలు, మెట్రోనిడజోల్ ఏది రాయించుకుంటున్నా తాగే సంగతి డాక్టరు దగ్గర దాచకండి. మేము కేసు షీటులో రాసుకుంటామే గాని ఎవరికీ చెప్పం.