అడవి రాముడి కోసం తొక్కిన దారి

1977 వేసవిలో ‘అడవి రాముడు’ చూడ్డానికి పామర్రు నుంచి బెజవాడకి సైకిలు తొక్కానని మా నాన్న చెప్పినప్పుడల్లా నవ్వేవాణ్ణి. ఒకవైపే 40 కిలోమీటర్లు మరి! మోకాళ్లు అరిగి మంచానికే అతుక్కున్న ఆయన మొన్న, “నువ్వు తొక్కి చూడరా, తెలుస్తుంది” అనేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది.

మే నెల. తెల్లారకుండానే బెజవాడలో బయల్దేరాను. లారీల గోల పడలేక యనమలకుదురు వైపు కాలవగట్టు పట్టాను. శివాలయం ఉన్న ఆ గుట్ట దాటాక కొండన్నది కనపడలేదు. ఎక్కుడు లేదు కదా అని సంబరపడ్డాను. ఎనిమిదింటికల్లా సంబరం ఆవిరైంది. 1855లో ఆనకట్ట కట్టి పచ్చగా మార్చిన డెల్టా ఇదేనా? కాలవ ఎండి అడుగున బీటలు. బోడి చేలు, వడగాలి, మనిషి అలికిడి లేదు. రాజస్థాన్‌కి టిక్కెట్టు దండగండీ!

ఉయ్యూరు దగ్గర చైను ఊడింది. నీళ్లసీసా ఖాళీ. పాక ముందు కూర్చున్న పెద్దావిడ మజ్జిగ పోసి, “ఈ ఎండలో ఎక్కడికి నాయనా?” అంది. సంగతి చెప్పాను.

“మా ఇంటాయనా ఆ బొమ్మకి సైకిలు మీదే ఎల్లాడు. నన్ను తీసుకెళ్లలేదు” అంది. ఆ కోపం ఇంకా చల్లారినట్టు లేదు.

పామర్రు పక్కనే నిమ్మకూరు, రామారావుగారి సొంతూరు. 2022లో బెజవాడకి ఎన్టీఆర్ జిల్లా అని పేరొచ్చింది గానీ, చిత్రం, ఆయన ఊరు మాత్రం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది.

ఇల్లు చేరేసరికి పదకొండు. నాన్న గడియారం చూశారు.

“తిరుగు ప్రయాణం ఎప్పుడు? నేను ఆ రాత్రే వచ్చేశాను.”

సైకిలు అరుగు మీద వదిలేసి, సాయంత్రం బస్సెక్కాను.