స్థానికేతర అభ్యర్థి

లోకల్, నాన్‌లోకల్ అనే మాటలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఆధారంగా 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా నిర్ణయించి, 85 శాతం సీట్లను ఆయా ప్రాంతాల పిల్లలకే కేటాయించాయి. 1957లో నెలకొన్న కర్నూలు వైద్య కళాశాల గోడ పక్క నుంచే నేను బడికి వెళ్లేదాన్ని. అందులో సీటు రాని పిల్లల తల్లిదండ్రులు ‘నాన్‌లోకల్ కోటాలోనైనా ప్రయత్నించండి’ అని ఒకరికొకరు చెప్పుకోవడం చిన్ననాటి నుంచీ విన్నాను. అదే మాట ఇన్ని వేల మైళ్ల దూరాన, మంచు కురిసే కాల్గరీ నగరంలో, నా ఇంట్లోనే వినవలసి వస్తుందని మాత్రం ఊహించలేదు.

కెనడాలో వైద్యవిద్యకు దేశమంతటికీ ఒకే ర్యాంకు, ఒకే కౌన్సెలింగ్ అనే పద్ధతి లేదు. అక్కడ రాష్ట్రాన్ని ప్రావిన్సు అంటారు. ఏ ప్రావిన్సు కళాశాలలు ఆ ప్రావిన్సు సొమ్ముతో నడుస్తాయి గనుక, తమ పిల్లలకే అవి పెద్దపీట వేస్తాయి. మేముండే అల్బర్టాలో కాల్గరీ విశ్వవిద్యాలయం కనీసం 85 శాతం సీట్లను స్థానికులకు ఉంచుతుంది. ఆ అంకె చూసినప్పుడు నాకు కర్నూలే గుర్తుకు వచ్చింది. సస్కాచువాన్‌లో బయటివారికి దక్కేది 5 శాతానికి మించదు. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో అది గరిష్ఠంగా 10 శాతం. పైగా స్థానికునికి 75 శాతం మార్కులుంటే దరఖాస్తుకు అర్హత లభిస్తుంది, బయటివారికి 85 శాతం ఉండాలి. యూకాన్ వంటి ఉత్తర ప్రాంతాలలోనైతే వైద్య కళాశాలే లేదు.

ఇది అన్యాయమని కోపగించుకునేవారిని చాలామందినే చూశాను. నాకు అలా అనిపించదు. ఆ దేశంలో ఆరోగ్యం ప్రావిన్సుల బాధ్యత. పెద్దవారిలో సుమారు ఐదుగురికి ఒకరు కుటుంబ వైద్యుడు లేకుండానే రోజులు గడుపుతున్నారని సర్వేలు చెబుతున్నాయి. తమ నేలమీద పెరిగిన పిల్ల తమ దగ్గరే నిలిచి వైద్యం చేస్తుందనే ఆశతో ఒక ప్రభుత్వం సీట్లు దాచుకుంటే తప్పు పట్టడానికేముంది? అయితే న్యాయమైన నిబంధన కూడా నిబంధనకు అవతలి వైపున నిలబడిన వారికి బరువుగానే ఉంటుంది.

భారతదేశం నుంచి నేరుగా అక్కడ ఎం.డి. చదివించాలనుకునే బంధువులు తరచుగా ఫోను చేసి అడుగుతుంటారు. వారికి ఒక్క మాట: అక్కడి వైద్య కళాశాలలలో అత్యధిక భాగం పౌరులనూ శాశ్వత నివాసులనూ మాత్రమే తీసుకుంటాయి, అదీ డిగ్రీ చదువుల తరువాతనే. ఇంటర్ అయిపోగానే సీటు అనే ఆలోచన అక్కడ కుదరదు.

మా అమ్మాయి జీవశాస్త్రంలో పట్టా తీసుకున్నది. ఇక్కడి రెండు కళాశాలలకు వేల సంఖ్యలో దరఖాస్తులు వస్తాయి గనుక, స్థానికురాలైనంత మాత్రాన సీటు ఖాయమనుకోవడానికి వీలులేదు. అందుచేత 2024 శరత్కాలంలో ఒంటారియోకు, మరి రెండు ప్రావిన్సులకు కూడా స్థానికేతర అభ్యర్థిగా దరఖాస్తు చేసింది. ఒంటారియో కళాశాలలన్నిటికీ గ్వెల్ఫ్ నగరంలోని ఒకే కేంద్రం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. గడువు అక్టోబరు మొదట్లోనే ముగుస్తుంది. ఎంక్యాట్ అనే పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. విరామాలతో కలిపి ఏడు గంటలకు పైగా సాగుతుంది, మార్కులు 472 నుంచి 528 వరకు ఉంటాయి. అందులో భౌతిక, రసాయన శాస్త్రాలకన్నా మా అమ్మాయిని కష్టపెట్టినది పఠన విభాగం. తత్వశాస్త్రం, కళలు, చరిత్ర వంటి విషయాల మీద తొమ్మిది గద్యభాగాలు, 53 ప్రశ్నలు, 90 నిమిషాలు. హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమైతే ఎంక్యాట్‌లో ఆ ఒక్క విభాగపు మార్కులనే లెక్కలోకి తీసుకుంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మార్కులు కావు, జీవిత వివరాల పట్టిక. పదహారేళ్ల వయసు నుంచి చేసిన ఉద్యోగాలు, సేవా కార్యక్రమాలు, పొందిన బహుమతులు అన్నీ ఒంటారియో దరఖాస్తులో వరుసగా రాయాలి. ప్రతి పని పక్కన, అది నిజమని చెప్పగలిగిన ఒక మనిషి పేరు కూడా ఇవ్వాలి. మా అమ్మాయి పట్టిక ముందు మూడు రాత్రులు కూర్చున్నది. వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా పని, మసీదులో పిల్లలకు ఖుర్ఆన్ పాఠాలు, ప్రయోగశాలలో ఒక వేసవి. ఇవన్నీ రాసింది. కానీ మసీదులో మరణించిన స్త్రీలకు గుస్ల్ చేయించే బృందంలో తాను రెండేళ్లుగా ఉన్న సంగతి రాయలేదు.

‘‘వైద్యురాలు కాబోయే పిల్లకు అంతకంటే మంచి అర్హత ఏముంటుంది, ఎందుకు రాయలేదు?’’ అని అడిగాను.

‘‘అమ్మీ, అది ఆ స్త్రీలకూ నాకూ మధ్య ఉన్న రహస్యం. అక్కడ చూసినది బయట చెప్పకూడదని మాకు మొదటి రోజే నేర్పారు. దాన్ని సీటు కోసం వాడుకుంటే నా మనసు ఒప్పుకోదు’’ అన్నది.

నేను అంతటితో ఊరుకోలేదు. మా ఇమాము గారిని సంప్రదించాను. అడిగినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం రియా కాదనీ, సంకల్పమే ముఖ్యమనీ, పేర్లు, స్థితిగతులు చెప్పకుండా పని మాత్రమే రాస్తే దోషం లేదనీ ఆయన వివరించారు. అమ్మాయి శ్రద్ధగా విన్నది. రాయవచ్చునని ఒప్పుకున్నది, అయినా రాయలేదు. అనుమతి ఉన్నంత మాత్రాన చేసి తీరాలని లేదు కదా అన్నది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. నేటికీ ఆమె రాసి ఉండవలసిందనే నా అభిప్రాయం. ఒక్కొక్క వాక్యాన్నీ తూచే చోట అటువంటి వాక్యం ఎంత బరువు తూగేదో నాకు తెలుసు.

ఆ ఏడు ఒక తూర్పు విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూకు పిలిచింది. ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే. తేదీ 2025 మార్చి మొదటి వారం, అంటే రమజాన్. వారి గడియారంలో ఉదయం ఎనిమిది గంటలు మా గడియారంలో ఆరు. సహరీ ముగించి, ఫజ్ర్ నమాజు చేసుకుని, ఇంకా చీకటిగా ఉండగానే అమ్మాయి గది తలుపు వేసుకున్నది. ఒకరి తరువాత ఒకరుగా పరీక్షకులు మారుతూ, ఒక్కొక్కరు ఒక్కొక్క సమస్యను ముందుంచే పద్ధతి అది. ఈ పద్ధతి కూడా మెక్‌మాస్టర్‌లోనే పుట్టింది. నేనూ, ఆమె తండ్రీ వంటింట్లో కూర్చుని దుఆ చేస్తూ ఉన్నాము. బయటకు వచ్చిన తరువాత అమ్మాయి ఒకే మాట చెప్పింది: ‘‘నోరు ఎండిపోలేదు అమ్మీ, ఇంకా తెల్లవారలేదు కదా.’’ మే నెలలో వేచి ఉండేవారి జాబితాలో ఉన్నట్టు తెలిసింది. జూలై దాటినా ఆ జాబితా ఆమె దాకా కదలలేదు. సొంత ప్రావిన్సులోనూ ఆ ఏడు సీటు రాలేదు.

ఈలోగా ఒంటారియో తలుపు మరింత మూసుకున్నది. 2026 శరత్కాలం నుంచి తమ వైద్య కళాశాలలలో కనీసం 95 శాతం సీట్లు ఒంటారియో నివాసులకేననీ, మిగిలిన 5 శాతమే తక్కిన దేశమంతటికీ అనీ, విదేశీ విద్యార్థులకు ప్రవేశమే ఉండదనీ ఆ ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రకటించింది. మా అమ్మాయి రెండోసారి చేయబోయే దరఖాస్తు సరిగ్గా ఆ ఏటికే.

మిస్సిసాగాలో ఉండే నా తమ్ముడు ఈ వార్త తెలిసినప్పటి నుంచీ వారానికి రెండుసార్లు ఫోను చేసేవాడు. అతనికి మేనకోడలంటే ప్రాణం. ‘‘ఆపా, మా ఇంటి చిరునామా వేయించు. బ్యాంకు ఖాతా ఒకటి తెరిపిస్తాను, ఫోను బిల్లు ఇక్కడికి తెప్పిస్తాను. ఎవరు వచ్చి చూస్తారు?’’ అన్నాడు. ఒంటారియో వాసి అనిపించుకోవాలంటే పద్నాలుగేళ్ల వయసు తరువాత మొత్తం మూడేళ్లు అక్కడ నివసించి ఉండాలన్న నిబంధన ఉన్నదని చెప్పాను. ‘‘ప్రతి వేసవికీ మా ఇంటికి వస్తూనే ఉన్నది కదా, అన్నీ కూడితే సరి’’ అన్నాడు. అమ్మాయి నవ్వి, వేళ్ల మీద లెక్కవేసి, ‘‘మామూ, అన్నీ కూడితే పదకొండు వారాలు’’ అన్నది.

నవ్వులాట అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. తమ్ముడు నిజంగానే పట్టుబట్టాడు. ఇటువంటి పని ఎందరో చేస్తున్నారన్నాడు, పిల్ల భవిష్యత్తుకన్నా ఒక గడిలో పెట్టే టిక్కు గొప్పదా అన్నాడు. అతని మాటల వెనుక ఉన్నది ప్రేమేనని నాకు తెలుసు. అందుకే జవాబు చెప్పడం కష్టమైంది. చివరకు అమ్మాయే ఫోను అందుకున్నది. దరఖాస్తు చివర, ఇందులో రాసినదంతా సత్యమని తాను సంతకం చేయాలనీ, అది సాక్ష్యం వంటిదేననీ చెప్పింది. సూరా నిసాలో తమకే నష్టమైనా సరే న్యాయంగా సాక్ష్యమివ్వమన్న ఆదేశాన్ని మసీదులో తాను పిల్లలకు పాఠంగా చెబుతున్న సంగతి గుర్తుచేసింది. ‘‘ఇంకొక మాట మామూ, నేను అలా తీసుకునే సీటు అక్కడ పుట్టి పెరిగిన ఏ పిల్లదో. ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. తెలియని మనిషి హక్కును తీసుకుంటే క్షమాపణ ఎవరిని అడగాలి?’’ అన్నది. తోటివారి హక్కుల విషయంలో ఆ మనిషే క్షమించాలని మనకు చిన్ననాటి నుంచీ చెబుతారు. తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘‘సరే బేటీ, ఇంటర్వ్యూకు స్వయంగా రమ్మంటే మాత్రం మా ఇంట్లోనే దిగాలి’’ అన్నాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది హలాల్, హరాం ప్రశ్నే. ఒంటారియోలో ఏడాది బోధనా రుసుమే 20,000 డాలర్లు దాటుతుంది. ఇల్లు, భోజనం దాని పైన. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వపు విద్యార్థి రుణాల మీద వడ్డీ పూర్తిగా తొలగించారు, అల్‌హమ్దులిల్లాహ్. అయితే అల్బర్టా ఇచ్చే రుణం మీద వడ్డీ ఉన్నది. సీటు వచ్చిందని తెలియగానే బ్యాంకులు పెద్ద మొత్తాలతో ఎదురువస్తాయి; అది నిఖార్సైన వడ్డీ. మేము దాన్ని ముట్టదలచుకోలేదు. నా నగలు, ఆయన దాచినది, ఖర్జె హసనాగా ఇస్తామన్న ఇద్దరు మిత్రుల సహాయం కలిపితే రెండేళ్లకు సరిపోతుంది. మూడో ఏడు సంగతి అల్లాహ్ మీద వదిలాము. కాల్గరీలోనూ, మెక్‌మాస్టర్‌లోనూ చదువు నాలుగేళ్లు కాక మూడేళ్లే కావడం మా లెక్కలకు కొంత ఊరట.

ఆడపిల్లను మూడు వేల కిలోమీటర్ల దూరం ఎలా పంపుతారని కర్నూలు నుంచి మా అత్తగారు అడిగారు. ఆ భయం నాకు లేదని చెప్పను. సీటు వచ్చిన మరుక్షణమే ఆ ఊళ్లో మసీదు ఎంత దూరమో, ఏ కుటుంబాలు ఉన్నాయో వెదకడం మొదలుపెట్టేదాన్ని నేనే. ఆమె తండ్రి మాత్రం, ప్రసూతి సమయంలో స్త్రీ వైద్యురాలు దొరకక మన ఆడవాళ్లు పడే అవస్థ తెలిసినవారు, దూరం గురించి అంతగా అడగకూడదన్నారు. అత్తగారికి ఆ మాట నచ్చింది.

గడువుకు రెండు రోజుల ముందు అమ్మాయి రెండు రకఅతుల ఇస్తిఖారా నమాజు చేసి దరఖాస్తు తెరిచింది. ఒంటారియో నివాసి అవునా, కాదా అనే గడిలో ‘కాదు’ అని గుర్తుపెట్టింది. గుస్ల్ బృందం మాట ఈసారి కూడా రాయలేదు, నేనూ అడగలేదు. రుసుము చెల్లించి, రసీదు నాకు చూపి, వృద్ధాశ్రమంలో సాయంత్రపు పనికి వెళ్లిపోయింది. ఇంటర్వ్యూ పిలుపులు చలికాలంలో వస్తాయి. ఈసారి రమజాన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. పిలుపు వచ్చినా రాకున్నా, తూర్పు ప్రాంతపు ఉదయం ఎనిమిది అంటే మనకు ఆరు అని గోడ మీది క్యాలెండరులో రాసి ఉంచింది.