పురుగు ఏం తింటుంది?

మెయిన్స్ టెస్ట్ సిరీస్‌లో ఒకసారి కోళ్ల దాణాలో కీటకాల వాడకంపై ప్రశ్న వచ్చింది. 150 పదాలు, 10 మార్కులు. సర్క్యులర్ ఎకానమీ అని రాశాను, సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు రెండు తగిలించాను, ఫ్లోచార్ట్ కూడా గీశాను. వచ్చినవి 3 మార్కులు. పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న: పురుగు ఏం తింటుంది? ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు మాత్రం, ఈ టాపిక్ చదివేటప్పుడు మీరు అక్కడి నుంచే మొదలుపెట్టండి అంటాను.

ముందు అసలు సమస్య చూడండి. కోళ్ల ఫారం ఖర్చులో దాదాపు మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. శక్తికి మొక్కజొన్న, ప్రొటీన్‌కు సోయా చెక్క. 2021లో చెక్క ధర రెట్టింపు దాటేసరికి, ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చింది. దిగుమతి వస్తే తన పంట ధర పడిపోతుందని మధ్యప్రదేశ్ సోయా రైతు భయం. మా బాబాయి అప్పుడు లేయర్ కోళ్లు పెంచేవాడు. "గుడ్డు రేటు మన చేతిలో లేదు, చెక్క రేటూ మన చేతిలో లేదురా" అని ఒక షెడ్డు ఖాళీ చేసేశాడు. జవాబులో 'ఇన్‌పుట్ కాస్ట్' అని మనం రెండు మాటల్లో రాసేసేది ఇదే.

ఇక బ్లాక్ సోల్జర్ ఫ్లై. ఈగే గానీ, ఇంటి ఈగలా మన అన్నం మీద వాలే రకం కాదు. దాని తిండంతా దాదాపు లార్వా దశలోనే. కుళ్లిన పండ్లు, కూరగాయల తొక్కలు, హోటళ్లలో మిగిలిన అన్నం తిని రెండు మూడు వారాల్లో బలుస్తుంది. ఎండబెడితే బరువులో సుమారు 40 శాతం ప్రొటీన్. కొవ్వు ఎక్కువ కాబట్టి నూనె తీసి పొడి చేస్తారు.

మెలిక ఇక్కడుంది. అదే లార్వాను తవుడు, మొక్కజొన్న పెట్టి పెంచితే, కోడి నేరుగా తినగలిగిన గింజను మధ్యలో పురుగుకు మేపి కొంత పోగొట్టుకున్నట్టే. లాభం చెత్త తింటేనే. మరి మన చెత్త ఎలాంటిది? తడి చెత్తలో బ్యాటరీలు కలిసి వస్తే అందులోని కాడ్మియం లార్వా ఒంట్లో పేరుకుంటుంది, అక్కడి నుంచి కోడికి చేరుతుంది. ఇంటి దగ్గరే చెత్త వేరు చేయాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. ఎన్ని వీధుల్లో జరుగుతోందో మీరే చూస్తున్నారు. యూరోపియన్ యూనియన్ కీటక ప్రొటీన్‌ను 2017లో చేపల మేతకు, 2021లో కోళ్లు, పందుల దాణాకు అనుమతించింది, కానీ ఆ కీటకాలకు హోటల్ మిగుళ్లు, పేడ పెట్టనివ్వదు. భద్రత దక్కింది, చౌకదనం పోయింది. ఈ రెండింటి మధ్య పేచీనే మీ జవాబుకు ప్రాణం.

ఉదాహరణకు మాత్రం యూరప్ దాకా వెళ్లక్కర్లేదు. రామనగరలోనో మన హిందూపురం వైపో పట్టుగూళ్లు ఉడికించి దారం తీశాక లోపలి ప్యూపా మిగిలిపోతుంది. పురుగు తిన్నది మల్బరీ ఆకు, పెంచింది పట్టు కోసం. ఎండిన ప్యూపాలో సగానికి పైగా ప్రొటీనే. మరి ఎందుకు విరివిగా వాడరంటే, తడిగా ఉంటే త్వరగా కుళ్లుతుంది, కొవ్వు కనరెక్కి వాసన కొడుతుంది. వెంటనే ఆరబెట్టి నూనె తీసే ఏర్పాటు చిన్న రీలర్ దగ్గర ఉండదు. నన్నడిగితే, కొత్త ఈగకు సబ్సిడీ అడిగే ముందు ఈ డ్రయ్యర్ గురించి రాయాలి. 'వే ఫార్వర్డ్'లో నేనిప్పుడు రాస్తున్నది అదే.

మొన్న ఇదంతా బాబాయికి చెబితే చివరిదాకా విని రెండే అడిగాడు: "కిలో ఎంత పడుతుంది? గుడ్డుకి వాసన పట్టదు కదా?"