ఒక రంపం మిషనూ రెండు రాష్ట్రాలూ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అక్టోబరు వస్తే కొబ్బరి రైతు కన్ను ఆకాశం మీదే ఉంటుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. మూడు తుఫాన్లూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. తిత్లీ అయితే తెల్లవారుజామున పలాస దగ్గరే ఒడ్డెక్కి కొబ్బరి, జీడి తోటల్ని పడుకోబెట్టేసింది. రోడ్డుకు అడ్డంగా పడ్డ చెట్లను గొడ్డళ్ళతో నరికి దారి చేసుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. మా చుట్టాల పల్లెల్లోకి పెట్రోలు రంపాలు దండిగా దిగింది ఆ తర్వాతే. కవిటి దగ్గర మా బావ కొన్నదీ అలాంటిదే. 58 సీసీ, 20 అంగుళాల బారు, నారింజ రంగు. పేరున్న కంపెనీది కాదు. ఒకే మిషను మీద ఒక్కో వ్యాపారి ఒక్కో స్టిక్కరు అంటించి అమ్మే రకం.

ఈ ఏడు భాద్రపదంలో అది మొరాయించింది. తాడు లాగితే బిగువు లేకుండా వచ్చేస్తోంది. ఎలాగో స్టార్టయినా, చెట్టుకు ఆనించగానే ఊపిరి వదిలేస్తోంది. "బావా, తుఫాన్ల నెల దగ్గరకొచ్చేసింది. తోడు రా, ఎక్కడ బాగుచేస్తారో కనుక్కుందాం" అన్నాడు. ట్యాంకులో పెట్రోలు బొట్టు లేకుండా వంపేశాం, లేకపోతే బస్సులోనూ రైల్లోనూ ఎక్కనివ్వరు. చైను విప్పి బిస్కట్ల డబ్బాలో పెట్టి, మిషనును గోనెసంచిలో చుట్టి, కంచిలిలో కాశీబుగ్గ బస్సెక్కాం.

పలాస, కాశీబుగ్గ పేరుకు రెండు ఊళ్ళు. ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో కొత్తవాళ్ళకు అంతుపట్టదు. జీడిపిక్కల ఫ్యాక్టరీల వాసన మాత్రం రెండింటికీ ఉమ్మడి. బజార్లో మిషన్లు అమ్మే షాపుకెళ్ళాం. గుమ్మంలోనే స్ప్రే పంపులు, గడ్డి కోసే మిషన్లు, రంపాలు వరసగా వేలాడుతున్నాయి. చైను, ప్లగ్గు, స్టార్టరు తాడు, ఆకురాయి, చైను ఆయిలు, ఏది అడిగినా తీసి ఇచ్చాడు. పిస్టన్ అనగానే చెయ్యి తిప్పేశాడు. "అమ్మకం వరకే మాది. ఇప్పడం, బిగించడం మాకు తెలీదు" అన్నాడు. నిజాయితీగానే చెప్పాడు. చుట్టుపక్కల మండలాలకు రంపాలు అమ్మిన ఆ కొట్లో ఒక్క స్పానరు కనబడలేదు.

పక్కనే టీ తాగుతున్న ఆటో డ్రైవరు మా సంచి వంక చూసి, "టూ స్ట్రోకు బండే కదా, పాత స్కూటర్ల మెకానిక్కు దగ్గరకెల్లండి" అన్నాడు. ఈ ప్రయాణంలో మాకు దొరికిన సలహాలన్నిటిలోకీ విలువైనది అదే.

ఆ మెకానిక్కుది రేకుల షెడ్డు. మూలన బజాజ్ చేతక్ ఇంజన్లు రెండు తుప్పు పట్టి ఉన్నాయి. చేతక్, లూనా, ఆర్ఎక్స్ 100 తిరిగిన కాలంలో ఈ షెడ్డు ముందు బళ్ళు బారులు తీరేవట. తర్వాత రోడ్డు మీద బళ్ళన్నీ ఫోర్ స్ట్రోకు అయిపోయాయి. చివరిదాకా మిగిలిన టీవీఎస్ ఎక్సెల్ కూడా మారిపోయింది. ఆయన విద్యకు గిరాకీ పోయిందనుకుంటున్న రోజుల్లో పొలాల్లోకి స్ప్రేయర్లు, గడ్డి మిషన్లు, రంపాలు వచ్చాయి. వీటిలో చాలావాటి గుండెకాయ అదే పాత టూ స్ట్రోకు ఇంజను.

ఆయన కార్బొరేటరు జోలికి పోలేదు, ప్లగ్గూ మార్చలేదు. సైలెన్సరు విప్పి పక్కన పెట్టాడు. పొగ బయటికొచ్చే కంత ముందు టార్చి వెలిగించి, తాడును వేళ్ళతో నెమ్మదిగా లాగుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడించాడు. "సూడండి బావూ" అన్నాడు. వంగి చూశాం. అద్దంలా మెరవాల్సిన పిస్టన్ ఒంటి మీద నిలువునా గీతలు. గోరుతో రాస్తే గోరు పట్టుకునేంత లోతు.

"టూటీ ఆయిలు కలపకండా తోలేసినారా?"

బావ తల గోక్కున్నాడు. "నేను కలిపే పోస్తాను. మొన్న కూలోడు బంకునుంచి తెచ్చింది తెచ్చినట్టు పోసేసినాడు."

"అదే మరి. మోటర్‌సైకిలుకి ఆయిలు కింద ఏరేగా ఉంటాది. దీనికి పెట్రోల్లో కలిపిందే ఆయిలు. అది లేకపోతే పిస్టనూ బోరూ ఒకదాన్నొకటి తినేస్తాయి." లీటరు పెట్రోలుకు మంచి కంపెనీ ఆయిలైతే 20 మిల్లీలీటర్లు, మామూలు ఆయిలైతే 40 అని లెక్క చెప్పాడు. కలిపింది వారాల తరబడి ట్యాంకులో ఉంచొద్దన్నాడు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. నిలవ ఉంటే తేమ లాగుతుంది, కార్బొరేటరులోని పల్చటి రబ్బరు పొర బిగుసుకుపోతుంది. స్టార్టు కాని మిషన్లలో సగం ఆ పొర రోగమేనట.

బోరు, పిస్టను, రింగులు, గాస్కెట్లు మార్చాలి. అవి ఆయన దగ్గర లేవు. పాత పిస్టన్‌ను ఊడదీసి గుడ్డముక్కలో చుట్టి బావ చేతిలో పెట్టాడు. "ఇది సూపించకండా కొత్తది కొనకండి. స్టిక్కరు మీద సీసీ నమ్మొద్దు, కొలత నమ్మండి."

బావకు ఈలోగా మరో ఆలోచన వచ్చింది. దీన్ని వదిలించుకుని కంపెనీ మిషను కొంటే పోలేదా? సరే, శ్రీకాకుళంలో డీలరును చూసి వద్దామని పలాసలో పాసింజరు ఎక్కాం. నౌపడ దగ్గర ఉప్పుమడులు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోలో ఊళ్ళోకి చేరాం.

చెట్టు కోత మిషన్లలో ప్రపంచమంతా తెలిసిన పేర్లు రెండు. ఒకటి స్టీల్, 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టీల్ పెట్టిన కంపెనీ. రెండోది స్వీడన్ కంపెనీ హస్క్‌వర్ణ. అది 1689లో తుపాకుల ఫ్యాక్టరీగా పుట్టి, 1959లో రంపాల్లోకి వచ్చింది. ఈ తరహా మిషన్లు అమ్మే డీలరుకూ కాశీబుగ్గ షాపుకూ తేడా వెనక గదిలో తెలిసింది. అక్కడ పనిబల్ల ఉంది, దాని మీద మిషను బిగించే పట్టు ఉంది, కుర్రాడొకడు చేతులకు నల్ల మరకలతో కూర్చున్నాడు. కంప్యూటరులో మిషను నంబరు కొడితే బొమ్మ విప్పారింది. ప్రతి స్క్రూకీ ఒక నంబరు. స్టాకులో లేని పార్టు డిపో నుంచి తెప్పిస్తారు.

మా సంచి విప్పగానే ఓనరు నవ్వాడు. "మాది కాని మిషను మేం ముట్టుకోమండి. రేపేదన్నా విరిగితే మా మీదకొస్తుంది." తప్పుపట్టడానికి లేదు. ధర అడిగితే మా బావ మిషనుకు మూడు నాలుగు రెట్లు చెప్పాడు. బావ మరో ప్రశ్న వేశాడు. "తుఫాను రోజున చెడిపోతే?" ఓనరు మొహమాటం లేకుండా చెప్పాడు: "ఆ రోజు మాకూ కరెంటు ఉండదు, మీకూ రోడ్డు ఉండదు." కవిటి నుంచి ఈ పనిబల్ల వంద కిలోమీటర్ల పైమాట. ఎంత గొప్ప సర్వీసైనా ఆ దూరం దాటి రావాల్సిందే.

ఓనరు ఫోనులో పడగానే కుర్రాడు మా బారు అందుకుని, మిషనుకు బిగించే కొన దగ్గర మసి తుడిచాడు. లోహం మీద పొడిచిన అంకెలు బయటపడ్డాయి: .325, .058, 76. మొదటిది చైను గొలుసుకట్టు దూరం, రెండోది బారు గాడి వెడల్పు, మూడోది లోపలి లింకుల లెక్క. "ఈ మూడూ రాసుకోండన్నా, ఏ ఊళ్ళోనైనా చైను తప్పు రాదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పిస్టన్ కిట్టు కోసం వైజాగు ఎళ్ళకండి. మీకు బరంపురమే దగ్గర" అన్నాడు.

ఉద్దానం వాళ్ళకు ఈ మాట కొత్త కాదు. పెద్దాసుపత్రికైనా పెళ్ళి బట్టలకైనా బరంపురం వెళ్ళడం మాకు మామూలే. రాష్ట్రం గీత కాగితం మీద ఉంది గానీ సంచి పట్టుకుని తిరిగేవాడికి అది అడ్డం రాదు. బాహుదా ఒడ్డున ఇచ్ఛాపురం దాటితే బరంపురం పాతిక కిలోమీటర్లు. ఊరు ఒడిశాదైనా బజారులో సగం బేరాలు తెలుగులో సాగుతాయి.

పాత బస్టాండు దగ్గర వాకబు చేస్తే ఒక సందు చూపించారు. లోపల మనిషి అడ్డంగా నడిచేంత ఇరుకు కొట్టు, నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. ఓనరు ఒడియాలో ఫోను మాట్లాడుతూనే మాతో తెలుగులో "పాతది తెచ్చారా?" అని అడిగాడు. బావ గుడ్డ విప్పాడు. ఆయన వెర్నియర్ కాలిపర్ తీసి పిస్టన్ అడుగు అంచున పట్టి అంకె చదివాడు: 45.2. నిచ్చెనెక్కి రెండు పెట్టెలు దింపాడు. రెండింటి మీదా 58 సీసీ అనే ఉంది. విప్పి కొలిస్తే ఒకటే సరిపోయింది, రెండోది వెంట్రుకవాసి చిన్నది. కాశీబుగ్గ ఆయన పిస్టన్ ఎందుకు కట్టిచ్చాడో అప్పుడర్థమైంది. అది లేకుండా వచ్చి ఉంటే ఆ రెండో పెట్టెతోనే ఇంటికి పోయేవాళ్ళం.

గాస్కెట్లు, క్రాంకు సీళ్ళు, రబ్బరు పొరల సెట్టు కూడా తీసుకున్నాం. చైను బ్రేకు ఉందా అని నేనడిగాను. మా బావ మిషను ముందు చేతికి అడ్డంగా ఉండాల్సిన పిడి ఎప్పుడో విరిగిపోయింది, అలాగే వాడేస్తున్నాడు. బారు కొన చెట్టుకు తగిలి మిషను మొహం మీదకు ఎగిరినప్పుడు చైనును ఆపేది అదొక్కటే. కొట్టు ఆయన నా వంక వింతగా చూశాడు. "చైను రోజూ అమ్ముతాను బాబూ. ఇది అడిగేవాళ్ళే లేరు." లోపలికెళ్ళి దుమ్ము దులిపి తెచ్చాడు.

మళ్ళీ కాశీబుగ్గ షెడ్డుకు వచ్చాం. బోరు ఎక్కించే ముందు మెకానిక్కు పిస్టన్‌కు వేలితో ఆయిలు రాశాడు. రింగు కొనల మధ్య సందు పిస్టన్ గాడిలోని సన్నటి మేకుకు సరిగ్గా కూర్చుందా లేదా అని రెండుసార్లు చూసుకున్నాడు. అన్నీ బిగించాక తాడు లాగమన్నాడు. ఈసారి చేతికి బరువు తెలిసింది. మిషను పట్టుకుని మొదటి రెండు ట్యాంకులూ పూర్తి స్పీడు పెట్టొద్దని బావ దగ్గర మాట తీసుకున్నాడు.

షెడ్డు పక్కన పడున్న కొబ్బరి మొద్దు మీద కోసి చూస్తే మెత్తటి పొడి రాలింది. "ఇది కోత కాదు, రాపిడి" అన్నాడు. కొబ్బరిచెట్టు లోపల మెత్తన గానీ పైన రాయిలా గట్టి. పైగా మన తోటల్లో మొదలు నిండా ఇసుకే. పళ్ళు ఇట్టే మొండి పడతాయి. 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి తీసుకుని, ప్రతి పన్నునూ ఏటవాలుగా లోపల నుంచి బయటికి ఒకే తీరున తోశాడు. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయి పన్నుకు తగలనివ్వలేదు. ఒక వైపు పళ్ళు అయ్యాక మిషను తిప్పి రెండో వైపు బావ చేత చేయించాడు. మళ్ళీ కోస్తే పొడి బదులు గోరంత పొరకలు ఎగిరి పడ్డాయి.

కూలి ఎంతంటే మా రైలు, బస్సు ఖర్చుల్లో సగం కూడా లేదు. మీ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళెవరూ లేరా అని అడిగాను. "స్కూటర్ల కాలంలో నలుగురుండేవోరు. ఇప్పుడెవడొస్తాడు బాబూ" అన్నాడు. శ్రీకాకుళంలో చూసిన కంప్యూటరు బొమ్మ, బరంపురంలో చూసిన అట్టపెట్టెల గోడ గుర్తొచ్చాయి. పార్టు తెప్పించడానికి దారులున్నాయి. టార్చి వేసి పిస్టన్‌లో రోగం చూడగలిగిన మనిషి దొరకడమే కష్టం. ఆ మనిషి ఉన్న ఊరికి ఎంత దగ్గరలో ఉంటే మన మిషనుకు అంత ఆయుష్షు.

ఇంటికొచ్చిన మర్నాడు సోంపేట నుంచి బావకు పెదనాన్న కొడుకు ఫోను చేశాడు. రంపం కొందామనుకుంటున్నానని, ఏ కంపెనీ మంచిదని అడిగాడు. బావ కంపెనీ పేరు చెప్పలేదు. "ముందు కాశీబుగ్గ ఎళ్ళి ఆ మెకానిక్కుని కలువు. ఏ మిషను ఇప్పగలనంటాడో అదే కొను" అన్నాడు.